మా మావ డాక్‌కి జీడి నూనె పూసిన సంగతి

మా ఇంట్లో పాట వినాలంటే ముందు స్క్రూడ్రైవర్ వెతకాలని మా ఆవిడ వచ్చిన వాళ్లందరికీ చెబుతుంది. అందులో అబద్ధమేమీ లేదు. నేను టెక్కలిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఇల్లు పలాసలో. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, సాయంత్రం బస్సెక్కి వస్తాను. మిగిలిన టైమంతా డాక్‌కి రాసిచ్చేశాను. కొందరు పేకాటకి ఇస్తారు, కొందరు ఎలక్షన్లకి ఇస్తారు. నాకిది దొరికింది.

డాక్ అంటే ఏమిటో తెలియని వాళ్లకి ఒక ముక్క చెప్పాలి. ఫోన్లో పాట ఉంది అంటాం గానీ అక్కడ గొంతూ లేదు, వేణువూ లేదు, ఉన్నవన్నీ అంకెలే. స్పీకరుకి అంకెలు అర్థం కావు. మధ్యలో ఒకరు కూర్చుని ఆ అంకెల్ని చదివి, కరెంటు అలలుగా మార్చి అందించాలి. ఆ పని చేసే చిన్న బోర్డే డాక్. ప్రతి ఫోన్లోనూ గోరంతది ఒకటి ఉంటుంది. అది చాలదా అని అడుగుతారు. చాలుతుంది. బస్టాండులో టీ కూడా టీయే, అయినా ఇంటికెళ్లి మళ్లీ పెట్టించుకుంటాం కదా.

మొదటి డాక్ ఆన్‌లైన్లో తెప్పించిన బోడి బోర్డు. దాన్ని మా ఆవిడ టిఫిన్ డబ్బాలో బిగించి, పాత ఫోన్ చార్జరుతో కరెంటిచ్చాను. పాట వచ్చింది, పాటతో పాటు గుయ్యిమనే మోత కూడా వచ్చింది. చార్జరు తీసేసి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. మోత తగ్గింది. కెపాసిటర్లు మార్చాను. తరవాత అసలు చిప్పు నుంచి వచ్చే సన్నటి శబ్దాన్ని పెంచి పంపే ఐసీ ఒకటి ఉంటుంది, దాన్ని పీకి ఇంకోటి పెట్టాను. నచ్చక మళ్లీ మొదటిదే పెట్టాను. మార్చిన ప్రతిసారీ మా ఆవిణ్ణి కూర్చోబెట్టి ఎలా ఉందని అడిగేవాణ్ణి. బాగుంది అనేది. ఇంతకు ముందు ఎలా ఉండేదని అడిగితే, అప్పుడూ బాగుంది అనేది. ఇలాంటి మనిషితో కాపురం చేస్తూ ఐసీలు మార్చడం ఎంత కష్టమో ఐసీలు మార్చే వాళ్లకే తెలుస్తుంది.

టిఫిన్ డబ్బా తిరిగి ఇవ్వక తప్పలేదు. తరవాత ఇనప పెట్టె ఒకటి చేయించాను. పలాసకి సముద్రం దూరమే అనుకుంటాం గానీ గాలికి ఆ సంగతి తెలియదు. ఒక వానాకాలం గడిచేసరికి పెట్టె మూలలు ఎర్రగా పొక్కిపోయాయి, లోపల బోర్డు మీద రాగి అక్కడక్కడా పచ్చబడింది. అదిగో, ఆ సమయంలో మా మావ మా ఇంటికి వచ్చాడు.

మావంటే మా ఆవిడ తండ్రి. అక్కుపల్లి దగ్గర ఊరు. ఊహ తెలిసినప్పటి నుంచి సముద్రం మీద చేపల వేటే. మోకాళ్లు పట్టేసి, తెప్ప ఎక్కలేక వేట మానేశాడు. మందులకి పలాస వస్తూ పోతూ ఉండటం ఎందుకని మా ఆవిడ కొన్నాళ్లు ఇక్కడే ఉంచేసింది. మా అత్తని అడిగితే ఆవిడ ఫోన్లో, ఇక్కడ ఊరికే కూర్చుని ఎండుచేపల దగ్గర కాకుల్ని కూడా తోలడు, అక్కడే ఉంచుకోండి అని హాయిగా ఒప్పేసుకుంది.

మా మావ గొంతు గురించి నేను పెళ్లికి ముందే విన్నాను. ఒడ్డున పెద్ద వల లాగుతున్నప్పుడు ఒక చివర ఆయన నిలబడి తిడితే రెండో చివర తాడు పట్టుకున్న వాళ్లకి వినపడేదట, మధ్యలో సముద్రం హోరు ఉన్నా సరే. తాడు వదులు చేసినవాణ్ణి, పక్కకి చూసినవాణ్ణి, చూడనివాణ్ణి కూడా తిట్టేవాడట. మా ఆవిడ చిన్నప్పుడు సాయంత్రం నాన్న ఇంటికి వస్తున్నాడని ఆ తిట్లు విని తెలుసుకునేదట, కూర పొయ్యి మీద పెట్టేవారట.

మా ఇంటికి వచ్చిన మనిషి మాత్రం వేరు. మాది ఇష్టపడి చేసుకున్న పెళ్లి. అందుకేనో ఏమో, ఆయనకి నేను అల్లుణ్ణి అన్న సంగతి ఒక్క క్షణం కూడా మరుపు రాదు. నేను గదిలోకి వస్తే మోకాళ్లు పట్టుకుని మరీ లేచి నిలబడేవాడు. కూర్చోండి మావా అంటే, పర్లేదు బాబూ అనేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే బాగుంది బాబూ. కరెంటు పోతే చల్లగా ఉంది బాబూ. కూతురింట్లో ఉంటున్నానన్న మొహమాటం ఒకటి, చేతిలో పని లేకపోవడం ఒకటి. ఆయన్ని ఎవరో మూత పెట్టి బిగించినట్టుండేది.

ఒకరోజు మా ఆవిడ దండెం మీద బట్టలు తీస్తూ నాతో అంది, "మా నాన్న తిట్టడం మానీసినాడు. నాకు బయమేస్తంది." నేను నవ్వబోయాను. ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. ఎవరినో ఒకర్ని, దేనికో ఒకదానికి ఒక్కసారి తిడితే చాలని ఆవిడ కోరిక. బీపీ మాత్ర వేసుకున్నాడా లేదా అని చూసుకున్నట్టే, ఈ రోజు ఎవరినైనా విసుక్కున్నాడా అని కూడా చూసుకునేది. ఒకసారి కావాలనే చేపల పులుసులో చింతపండు వెయ్యడం మర్చిపోయింది. కమ్మగా ఉందమ్మా అని తినేశాడు. వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

అలా ఉండగా ఒక ఆదివారం నేను బోర్డు ముందేసుకుని సోల్డరింగ్ చేస్తుంటే ఆయన గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. తరవాత కొంచెం ముందుకి వచ్చాడు. తరవాత కూర్చున్నాడు. నా ముందు కూర్చోవడం అదే మొదలు. పాట పెట్టాను. కాసేపు తల వంచి విని, లోపల ఏదో జుంటీగ ఉన్నట్టుంది బాబూ అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నేను కొన్నేళ్లుగా పోట్లాడుతున్న మోత ఈ ఇంట్లో ఇంకొకరికి కూడా వినపడింది. మా ఆవిణ్ణి కేకేసి మరీ చెప్పాను. బాగుంది అంది.

మావ తుప్పు పట్టిన పెట్టెని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఉప్పుగాలికి ఇనుం ఆగదు, చెక్క పెట్టుకోవాలి బాబూ అన్నాడు. మర్నాడే ఊరికి ఫోను చేశాడు. పెద్ద తుపానుకి మా అత్త వాళ్ల తోటలో పడిపోయిన పనస చెట్టు మొద్దు ఒకటి అప్పటి నుంచీ పాకలో పడుంది. అది ఆటోలో వచ్చింది, దాని మీద ఎండు సావిడి చేపల మూట కూడా వచ్చింది. వీణలు పనస చెక్కతోనే చేస్తారు కదా అని నేను లోలోపల పొంగిపోయాను. ఆయన లెక్క వేరు, పనసకి చెద పట్టదు.

పెరట్లో బాడిసె పట్టుకున్న మావని చూడాలి. మోకాళ్ల సంగతి మర్చిపోయాడు. చెక్కి, చిత్రిక పట్టి, మూలలు ఒకదాంట్లో ఒకటి ఇరికించి, ఇనప మేకు ఒక్కటి లేకుండా చెక్క మేకులతో బిగించాడు. పసుప్పచ్చటి పెట్టె. నీళ్లు పోస్తే ఒక్క చుక్క బయటికి రాలేదు. నాకెలా తెలుసంటే, పోసి చూశాడు. డాక్ పెట్టెలో నీళ్లు నిలబడటం వల్ల లాభమేమిటని నేను అడగలేదు. ఆయన మొహంలో ఆ వెలుగు చూశాక అడిగే మనిషి ఎవరుంటారు.

బోర్డుని అందులో దించితే మోత పెరిగింది. ఇనప పెట్టె తుప్పు పట్టినా బయటి కరెంటు తీగల గోలని లోపలికి రానివ్వలేదు, చెక్కకి ఆ గుణం లేదు. ఆయన మొహం చిన్నబోయింది. నేను జీడిపప్పు డబ్బా ఒకటి కోసి, ఆ రేకుని పెట్టె లోపల నాలుగు వైపులా అంటించి, దాన్ని ఎర్తుకి కలిపాను. పలాసలో ఇంకేది దొరక్కపోయినా జీడిపప్పు డబ్బా రేకు దొరుకుతుంది. మోత పోయింది. తగ్గడం కాదు, పోయింది. వేణువు ఉన్న పాత పాట ఒకటి పెట్టాను. మావ కళ్లు మూసుకుని విన్నాడు. పాట అయ్యాక, ఊదేవాడు మధ్యలో ఊపిరి తీసుకుంటన్నాడు బాబూ, ఇనిపించింది అన్నాడు. ఆ మాటకి నేను పడ్డ పాట్లన్నీ మాఫీ అయిపోయాయి.

ఆ వారమంతా ఇల్లు సరదాగా ఉంది. మావ మాటలు పెరిగాయి. తిట్లు మాత్రం ఇంకా రాలేదు, వచ్చే సూచనలు కనిపిస్తున్నాయని మా ఆవిడ అంది. పక్కింటి పిల్లిని ఒకసారి ఛీ అన్నాడట.

అప్పుడే నాకు పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ పడి శ్రీకాకుళం వెళ్లాల్సి వచ్చింది. పెట్టెకి పైన ఏదైనా పూత వేస్తే బాగుంటుంది మావా, మీ ఇష్టం అని చెప్పి వెళ్లాను. వార్నిష్ తెస్తాడనుకున్నాను. సముద్రం మీద బతికిన మనిషికి చెక్క అన్నాక పూసేది ఒకటే. జీడి నూనె. జీడిపిక్కల తొక్కల నుంచి తీసే నల్లటి జిడ్డు నూనె, చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది. తెప్పకి అది పూస్తే ఏళ్ల తరబడి పురుగు పట్టదు, ఉప్పు తినదు. ఆయన జీడి బట్టీకి స్వయంగా వెళ్లి సీసాడు నూనె పట్టించుకొచ్చాడు. గోనె గుడ్డ చేతికి చుట్టుకుని పెట్టె బయటంతా పూశాడు. అంతవరకూ ఏ ఇబ్బందీ లేదు. తరవాత మూత తీసి లోపల చూశాడు. బోర్డు మీద రాగి పచ్చబడి ఉంది. తెప్పకి బయట ఒక్కటే పూసి లోపల వదిలేసే బుద్ధి లేనివాడు ఆ ఒడ్డున ఎవరూ లేరు.

నేను తిరిగొచ్చేసరికి వీధి మొగలోనే ఘాటు వాసన తగిలింది. పెట్టె నల్లగా నిగనిగలాడుతోంది. మావ పక్కనే నిలబడి ఉన్నాడు, పెళ్లికూతుర్ని చూపించే మేనమామలాగా. నేను మూత తీశాను. బోర్డుకి అటూ ఇటూ, చిప్పుల మీద, కెపాసిటర్ల సందుల్లో, స్విచ్చిలో, స్పీకరు తీగ దూర్చే సాకెట్ల లోపల కూడా, ఎక్కడా ఒక్క సందు వదలకుండా పూశాడు. సాకెట్లకి సన్నటి పుల్లకి దూది చుట్టి పూశాడట. అంత శ్రద్ధగా పూసినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

ఏమో, ఆరిపోయిందేమో అన్న ఆశతో కరెంటు పెట్టాను. చిటపటమంది. పొగ సన్నగా లేచింది. తరవాత ఏ శబ్దమూ లేదు.

నా ఒళ్లు మండిపోయింది, అది దాచడమెందుకు. కొన్నేళ్ల పని. కానీ ఆయన పిల్లనిచ్చిన మామ. నోరు నొక్కుకుని, పర్లేదు మావా, పాడవడం మంచిదే అయింది, ఎలాగూ కొత్తది చేద్దామనుకుంటున్నాను అన్నాను. మెత్తగా, మర్యాదగా అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు.

"తప్పైపోనాది బాబూ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే సంచి సర్దుకుని, ఊళ్లో పనుందని చెప్పి ఊరెళ్లిపోయాడు. మా ఆవిడ ఎంత ఆపినా ఆగలేదు. ఫోను చేస్తే మా అత్త ఎత్తేది. వలలు బాగుచేసే చోటుకి కూడా వెళ్లడం లేదు, అరుగు మీద కూర్చుంటున్నాడు, పిలిస్తే పలుకుతున్నాడు, అంతే అని చెప్పేది. ఈసారి ఆవిడ గొంతులో హాయి లేదు.

నేను ఒక్క మాట కూడా అనలేదు కదా అని మా ఆవిడ దగ్గర మొత్తుకున్నాను. అదే నువ్వు చేసిన పాడు పని అంది. వాళ్ల ఊళ్లో తెప్ప మీద ఎవడైనా తప్పు చేస్తే అక్కడికక్కడే తిడతారు, తిట్టాక అందరూ ఒకే గిన్నెలో గంజి తాగుతారు, అక్కడితో ఆ తప్పు అయిపోతుంది. తిట్టకుండా పర్లేదులే అన్నారంటే, రేపటి నుంచి నువ్వు తెప్ప ఎక్కక్కర్లేదని చెప్పినట్టు. ఆ మాట అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆవిడ ఇదంతా చెప్పి, కళ్లు తుడుచుకుని, "నువ్వు ఎల్లి మా నాన్నని తిట్టు" అంది.

మామని తిట్టడానికి బండేసుకుని బయల్దేరిన అల్లుడు మా జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. దారి పొడుగునా జీడి తోటల మధ్య తిట్లు సాధన చేసుకుంటూ వెళ్లాను. వజ్రపుకొత్తూరు దాటాక ఎదురుగా సైకిలు మీద వస్తున్న ఒకాయన నన్ను అనుమానంగా చూసి పక్కకి తప్పుకున్నాడు.

మావ అరుగు మీదే ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పక్కనే నలుగురు వల సందులు కుడుతున్నారు. వాళ్లందరికీ వినపడాలని గొంతు పెంచి, "ఏటి మావా నువ్వు సేసిన పని? బైట పుయ్యమంటే లోపలెవరు పుయ్యమన్నారు? అదేమన్నా తెప్పా, నీళ్లలోకి దించడానికి? నా కష్టమంతా బూడిద సేసీసి ఇక్కడ కూకుంటావా?" అన్నాను. ఆయన్ని పట్టుకుని 'నువ్వు' అనేసరికి నాకే చెమటలు పట్టాయి. వల కుట్టేవాళ్ల చేతులు ఆగిపోయాయి. అత్త గుమ్మంలోకి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

 మావ మీసాల కింద ఏదో కదిలింది. "అలాగేటి తిడతారు బాబూ" అన్నాడు. "పిల్లలకి పాటం సెప్పినట్టున్నాది. తిట్టేటప్పుడు అడగకూడదు." వల కుట్టేవాళ్లు ఒక్కసారిగా నవ్వారు. అందులో ఒకాయన నాకు మంచి తిట్లు రెండు నేర్పించబోయాడు, అత్త కసిరింది. ఆ రోజు అందరం కలిసి చేపల పులుసూ అన్నం తిన్నాం. సాయంత్రం మావ నా బండి వెనకాల ఎక్కి పలాస వచ్చేశాడు, సంచి ఒళ్లో పెట్టుకుని.

కొత్త బోర్డు తెప్పించాను. ఈసారి ఇద్దరం కలిసి చేశాం. ఏ కెపాసిటరు ఎటు నిలబెట్టాలో నేను చెప్పాను, కాళ్లు ఆయన వంచి దూర్చాడు. ఆ చేతులు వల ముళ్లు వేసిన చేతులు, సన్నటి తీగని ఎలా చుట్టమంటే అలా చుట్టాయి. అయినా మళ్లీ బాబూ, అలాగే బాబూ మొదలైంది. కోపం పోయింది, మొహమాటం మాత్రం సంచితో పాటే తిరిగొచ్చింది. మా ఆవిడ తలుపు పక్క నుంచి వింటూ, ఇంకా లేదా అన్నట్టు నాకేసి చూసేది. లేదని తల ఊపేవాణ్ణి.

ఇక పాట పెట్టి చూడటమే మిగిలిన రోజు మధ్యాహ్నం. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాను. బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. పాట ఒక పక్క స్పీకరులోనే వస్తోంది. ఎక్కడో తీగ వదులైందని నా మనసంతా ఆ తీగ మీదే ఉంది. ఏళ్ల తరబడి పిల్లలకి కరెంటు గురించి జాగ్రత్తలు చెప్పిన నేను, స్విచ్చి కట్టకుండా ట్రాన్స్‌ఫార్మర్ పక్కకి చెయ్యి పోనిచ్చాను.

"ఒరే, సెయ్యి తియ్యి."

ఆ కేకకి కిటికీ అద్దం అదిరింది. నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. "తియ్యరా ముందు, ఎదవ గుంటడా. దీపం ఎలుగుతన్నాది, కళ్లకి కనబడ్డం లేదేట్రా నీకు? సిచ్చి కట్టీకుండా అందల సెయ్యెడతావా? నా కూతురు ఏటైపోవాల? బుర్ర ఎక్కడెట్టినావురా?" ఇంకా కొన్ని ఉన్నాయి, అవి అచ్చులో బాగోవు. సముద్రం హోరు మీదుగా అవతలి తాడు దాకా వెళ్లడానికి తయారైన గొంతు అది, మా రెండు గదుల ఇంట్లో దానికి చోటు చాల్లేదు. పక్కింటివాళ్ల తలుపు తెరుచుకుంది. ఎదురు మేడ మీద ఆరేసిన బట్టల మధ్య నుంచి ఒకావిడ తొంగి చూసింది.

అప్పుడు మావకి తెలిసొచ్చింది. అల్లుణ్ణి, కూతురింట్లో, ఒరే అన్నాడు. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.  "బాబూ" అని ఏదో అనబోయాడు.

వంటింటి గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. చేతులకి పిండి, కళ్ల నిండా నీళ్లు, మొహమంతా నవ్వు.

"ఆగిపోనావేటి నాన్నా" అంది. "ఇంకా తిట్టు."

ఆయన ఆవిడ వంక చూశాడు, నా వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు. నేను స్విచ్చి కట్టేసి, తల వంచుకుని నిలబడ్డాను. నన్ను ఎవరైనా తిడుతుంటే నాకు అంత హాయిగా ఉండటం అదే మొదటిసారి.